మూడు ఫొటోలు, ఒక మనియార్డరు

రఘు కార్నాడ్ ఇంగ్లీషులో రాసిన 'ఫార్దెస్ట్ ఫీల్డ్' 2015లో వచ్చింది. దానికి 2016లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. 2019లో రచయితకు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ఇచ్చే విండమ్-కాంప్‌బెల్ బహుమతి కూడా వచ్చింది. ఇంగ్లీషు పత్రికలు ఈ పుస్తకం గురించి రాయవలసినంతా రాశాయి. ఇంత ఆలస్యంగా, అదీ ఒక చిన్న తెలుగు పత్రికలో, మళ్లీ దాన్ని ఎత్తుకోవడం ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఈ పుస్తకం వేసిన ప్రశ్న మన పావగడ వైపు కూడా కొన్ని ఇళ్లలో ఉన్నదే. రచయిత ఇంట్లో దానికి జవాబు దొరికిన దారి మన ఇళ్లలో లేదు. ఎందుకు లేదో ఆలోచించినప్పుడే నాకు ఈ పుస్తకం విలువా, దాని హద్దూ రెండూ తెలిసివచ్చాయి.

మొదట పుస్తకంలో ఉన్నదేమిటో చెబుతాను. రఘు కార్నాడ్ ప్రసిద్ధ కన్నడ నాటకకర్త గిరీశ్ కార్నాడ్ కుమారుడు. అయితే ఈ కథ తండ్రివైపుది కాదు, తల్లివైపుది. అమ్మమ్మ పుట్టింటివారు కాలికట్‌లో స్థిరపడ్డ పార్సీలు, ఇంటిపేరు ముగసేఠ్. అమ్మమ్మ ఇంట్లో ముగ్గురు యువకుల ఫొటోలు ఉండేవి. చిన్నప్పటినుంచి చూస్తున్న ఫొటోలే, కాని వాళ్లెవరని అడగాలని రచయితకు ఎన్నడూ తోచలేదు. తోచేసరికి ముఖ్యంగా అడగవలసినవాళ్లు వెళ్లిపోయారు. ముగ్గురిలో ఒకరు అమ్మమ్మ తమ్ముడు బాబీ. రెండవవారు అమ్మమ్మ సోదరి భర్త మానెక్ దాదాభాయ్. మూడవవారు అమ్మమ్మ భర్త, అంటే రచయితకు స్వంత తాత, కొడగు మనిషి కోదండెర గణపతి. ఇంట్లో 'గన్నీ' అని పిలిచేవారు. జనరల్ కరియప్ప కూడా ఆ కోదండెర వంశంవారే. ముగ్గురూ రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరారు. ముగ్గురూ తిరిగి రాలేదు.

మానెక్ విమానం నడిపేవాడు. 1943లో ఇంఫాల్ నుంచి బర్మా కొండల మీదికి ఎగిరిన రోజుల్లో పోయాడు. బాబీ బెంగాల్ సాపర్లలో ఇంజనీరు ఆఫీసరు. 1944లో ఆ ఈశాన్య రంగంలోనే పోయాడు. గన్నీ డాక్టరు. వాయవ్య సరిహద్దున థల్ అనే చోట కోటలో ఉద్యోగం. శత్రువును చూడకుండానే, జబ్బుచేసి పోయాడు.

ఈ మూడు చావులనూ రచయిత ఒకే త్రాసులో పెట్టి సమంగా తూచాడు. నా మట్టుకు ఈ పుస్తకంలో అన్నిటికంటే గొప్ప గుణం ఇదే. యుద్ధం గురించి రాసేవారికి విమానంలోంచి కూలిన చావు సులువైన సరుకు. కోటలో మంచం మీద దగ్గుతూ పోయిన చావుతో కథ నడపడం కష్టం. పైగా ఆ పోయినవాడు స్వంత తాత. మనవడు కలం పట్టాడు కనుక తాతకు ఒక తుపాకి మోత అరువు తెచ్చిపెట్టినా అడిగేవారు లేరు. రఘు కార్నాడ్ ఆ పని చేయలేదు. జబ్బును జబ్బుగానే ఉంచాడు. అది చదివినప్పుడు నాకు రచయిత మీద నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే మిగతా పుస్తకం చదివాను.

పుస్తకం వెనుక ఉన్న ఆలోచన మరొకటి. మనిషికి రెండు చావులంటాడు రచయిత. ప్రాణం పోయినప్పుడు ఒకటి. తలచుకునేవారు కూడా లేకుండా పోయినప్పుడు రెండవది. ఈ ముగ్గురికీ రెండవ చావు దేశమే తెచ్చిపెట్టిందని ఆయన వాదన. దాదాపు 25 లక్షలమంది భారతీయులు ఆ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. చనిపోయినవారు దాదాపు 87,000. స్వాతంత్ర్యం వచ్చాక మనం చెప్పుకున్న కథలో జైలుకు వెళ్లినవారికి చోటు ఉంది, నేతాజీ వెంట నడిచినవారికి చోటు ఉంది. తెల్లవాడి జీతం తీసుకుని తెల్లవాడి యుద్ధంలో పోయినవారిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియలేదు. తెలియనివారిని వాకిట్లోనే నిలబెట్టాం. ఈ వాదనను రచయిత ఉపన్యాసంగా దంచకుండా ఇంట్లో మాటలూ మౌనాలూ చూపి నడిపించాడు. అక్కాచెల్లెళ్లలో సుబుర్ పెళ్లాడింది జి. పార్థసారథిని. తరువాతి కాలంలో పేరుపొందిన దౌత్యవేత్త ఆయన. మామగారు ఎన్. గోపాలస్వామి అయ్యంగార్. అంటే ఒకే కుటుంబంలో ఒకరు కొత్త దేశాన్ని నడిపినవారి వరుసలో ఉన్నారు, ముగ్గురు గోడమీద ఫొటోలయ్యారు.

ఇక నా అభ్యంతరం చెబుతాను. నేను చదివింది కామర్స్, చేసింది బ్యాంకు పని. సాహిత్య విమర్శకు నా దగ్గర ఉన్న కొలబద్ద ఒక్కటే. ఖాతాలో ప్రతి పద్దుకూ వెనుక ఒక వోచరు ఉండాలి. వోచరు లేని పద్దు తప్పని చెప్పలేం. నిజంగానే ఆ సొమ్ము ఖర్చయి ఉండవచ్చు. కాని దాన్ని విడిగా, సస్పెన్సు ఖాతాలో చూపాలి. వోచరు ఉన్న పద్దుల నడుమ కలిపి రాయకూడదు.

రఘు కార్నాడ్ తన పద్ధతికి 'ఫోరెన్సిక్ నాన్ ఫిక్షన్' అని పేరు పెట్టుకున్నాడు. దొరికిన ఎముకలనుబట్టి మనిషి ఆకారం కట్టడంవంటిదన్నమాట. పటాలాల చరిత్రలు, దస్తావేజులు, బతికి ఉన్న వృద్ధుల జ్ఞాపకాలు పోగుచేశాడు. ఆ రోజు ఆ కొండమీద ఏ పటాలం ఉందో, ఏ వంతెన కట్టిందో తెలుసుకున్నాడు. అక్కడ నిలబడ్డ బాబీ ఏమనుకుని ఉంటాడో, గన్నీకి ఏ దిగులు పట్టి ఉంటుందో తన మనసుతో నింపాడు. తన పద్ధతిని దాచుకోలేదు, నిజాయితీగా చెప్పాడు. కాని కథ నడుస్తున్న పుటలో ఏది దస్తావేజు మాట, ఏది రచయిత మాట అనే గీత కనపడదు. వంతెన పొడవూ, బాబీ మనసులోని మాటా ఒకే వాక్యంలో, ఒకే ధైర్యంతో వస్తాయి.

సాహిత్యంగా ఇది తప్పేమీ కాదని మిత్రులు కొందరు నాతో వాదించారు. నవలకు వోచరు అడుగుతావా అన్నారు. నవలకు అడగను. కాని ఇది నవల కాదని రచయితే అన్నాడు. పైగా కలిపి రాస్తే జరిగే నష్టమేమిటో మా ఇంట్లోనే నాకు తెలుసు. ఆ సంగతి చెప్పకపోతే నా అభ్యంతరం ఉత్త ఆడిటరు చాదస్తంలా కనిపిస్తుంది. అందుకని చెబుతున్నాను.

మా అమ్మ చిన్నాయన ఒకాయన ఆ యుద్ధానికి పోయాడు. పేరు హనుమంతప్ప. ఊరు నాగలమడిక దగ్గర. చదువు లేదు, పెళ్లి లేదు, మెట్టపొలం అన్నకు సరిపోయేదే తప్ప ఇద్దరికి చాలదు. ఒకరోజు హిందూపురం దాకా నడిచిపోయి రైలెక్కాడని చెబుతారు. ఫొటో లేదు. ఆయన రాయించిన ఉత్తరం ఒక్కటి కూడా లేదు. ఆయన బతికి ఉన్నాడనడానికి ఇంట్లోవారికి ఉన్న గుర్తు మనియార్డరు. ఆ రోజుల్లో సిపాయి తన జీతంలో కొంత ఇంటికి రాసిస్తే సైన్యమే పంపేది. కొన్నాళ్లకు ఆ డబ్బు ఆగింది. ఆ తరువాత ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. ఊళ్లో ఇంగ్లీషు అక్షరం తెలిసినవారు శానుభోగులు ఒక్కరే. ఆయన చదివి చెప్పారు.

మా అవ్వ, అంటే ఆ పోయినాయనకు వదిన, నా చిన్నతనంలో చెప్పేది: "గుండు తగిలి పోయినాడురా నాయనా. ఎదాన తగిలిందంట. జరమొచ్చి సచ్చే మనిషా మీ చిన్నతాత?" ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో దుఃఖంతోపాటు ఒక నిబ్బరం కూడా ఉండేది. మేమంతా ఆ గుండునే నమ్మి పెరిగాం.

చాలా ఏళ్ల తరువాత, నేను పావగడ వైపే పనిచేస్తున్నప్పుడు, ఆ శానుభోగుల కుమారుడు పెన్షను పనిమీద నా బల్ల దగ్గరికి వచ్చారు. పెద్దాయన. వూరూ వివరమూ అడిగి, "ఏమప్పా, నువ్వు ఆ మిలిట్రీ హనుమంతప్ప వాళ్ల ఇంటివాడివా?" అన్నారు. అవునన్నాను. కాసేపు ఊరుకుని, "మా నాయన ఆ కాగితం చదివినపుడు నేను పక్కనే ఉంటిని. ఆస్పత్రిలో పోయినాడనే ఉండె దాంట్లో. బిడ్డ ఒంటరిగా ఆస్పత్రి మంచంమీద పోయినాడని ఆ తల్లికి ఎట్ల చెప్పేది? అందుకని గుండు తగిలిందని చెప్పిరి" అన్నారు. ఏ ఆస్పత్రి, ఏ ఊరు అని అడిగాను. పదేళ్ల పిల్లవాడు అది గుర్తుపెట్టుకోలేదు. కాగితం ఏమైందంటే, మీ ఇంట్లోనే ఇచ్చామన్నారు. ఇంట్లో అది లేదు. గుండు సంగతి తెలిశాక ఆ కాగితంతో ఎవరికీ పని లేకపోయింది.

నేను శానుభోగులవారిని తప్పు పట్టను. ఆ వాకిట్లో, ఆ తల్లి ముందు నిలబడితే నేనూ అదే చెప్పేవాణ్ణేమో. ఆయన చేసింది కూడా ఒక విధంగా రఘు కార్నాడ్ చేసిన పనే. ఎముకలకు కండ పెట్టాడు. దయతో పెట్టాడు. కాని ఏది కాగితంలోది, ఏది తన మాట అని ఎక్కడా గీత గీయలేదు. అందువల్ల తరువాతి తరం తప్పుదారిన వెతికింది. మేము యుద్ధరంగాల పేర్లు తెలుసుకున్నాం, ఆస్పత్రుల పేర్లు అడగలేదు. కాగితంలో ఉండి ఉండే ఒక్క ఊరి పేరు, ఈరోజు దారి చూపగలిగిన ఒక్క మాట, ఆ దయ చాటున పోయింది. పద్దులో ఊహ కలపడంవల్ల నష్టమేమిటంటే నేను చూపగలిగేది ఇది.

జ్వరమో, విరేచనాలో అనుకోవడానికి లెక్కలు కూడా సాయమిస్తాయి. బర్మా రంగంలో 14వ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ 1956లో అచ్చయిన తన గ్రంథంలో 1943 సంగతి రాస్తూ, గాయపడి వెనక్కి తరలించిన ఒక్కొక్క మనిషికి జబ్బుపడి తరలించినవారు 120 మంది అంటాడు. మలేరియా ఒక్కటే ఏడాదిలో నూటికి 84 మందిని పట్టిన లెక్కన సాగిందట. ఒకటికి నూటఇరవై! ఈ లెక్క చూశాక గన్నీ చావు పుస్తకంలో పక్కదారి కథలా కనపడదు. గుండు తగిలినవారి కథలే ఎందుకు మిగిలాయని అడగాలనిపిస్తుంది. ప్రతి ఊళ్లోనూ ఒక శానుభోగు ఉండి ఉంటాడని నా అనుమానం.

ఎలా పోయాడన్నది ఉత్త కుతూహలం కాదని బ్యాంకులో పనిచేసినవారికి తెలుసు. నేటి నిబంధనల ప్రకారం సైనికుడి భార్యకు వచ్చే పెన్షను ఆ ప్రశ్నమీదే ఆధారపడుతుంది. సేవతో సంబంధం లేని కారణంతో పోతే ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షను, మామూలుగా జీతంలో నూటికి 30. సేవవల్ల వచ్చిన కారణంతో పోతే స్పెషల్, నూటికి 60. యుద్ధంలో పోతే లిబరలైజ్డ్, చివరి జీతం మొత్తం. ఒకే బల్లమీద మూడు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని పద్దు రాసినవాడికి, ఒక చావుకు మూడు ధరలున్నాయని తెలుస్తుంది. కనుక కుటుంబాలు గుండునే ఎంచుకోవడంలో గౌరవం ఒకటే కాదు, అన్నం కూడా ఉంటుంది. రఘు కార్నాడ్ ఈ వైపు అంతగా చూడలేదు. చూడవలసిన అవసరం ఆ ఇంటికి రాలేదనుకుంటాను.

దీనికి విరుద్ధంగా, చావులకు తేడా చూపని ఖాతా ఒకటి ఉంది. 1917లో స్థాపించిన యుద్ధసమాధుల సంస్థది. ఇప్పుడు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటారు. 1939 సెప్టెంబరు 3 మొదలు 1947 డిసెంబరు 31 దాకా సేవలో ఉండి పోయిన సైనికుడు ఎవరైనా, గుండుతో పోయినా జ్వరంతో పోయినా, దాని లెక్కలోకి వస్తాడు. గన్నీకీ మానెక్‌కూ అక్కడ ఒకటే హోదా. ఈ ఒక్క విషయంలో ఆ ఖాతాపుస్తకం మన పెన్షను పుస్తకంకంటే ఉదారమైనది.

కాని అదికూడా అందరినీ సమంగా చూడలేదు. మొదటి ప్రపంచయుద్ధం విషయంలో తాము చేసిన అన్యాయాన్ని ఆ సంస్థే 2021 ఏప్రిల్‌లో ఒక నివేదికలో ఒప్పుకుంది. ఆఫ్రికా, ఆసియా వాసులే ఎక్కువగా, 45,000 నుంచి 54,000 మంది దాకా ఇతరులతో సమానంగా స్మరణ పొందలేదు. కనీసం 1,16,000 మందికి పేరుతో స్మరణే లేదు. బస్రా స్మారకంమీద ఆఫీసర్ల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిలను పటాలంవారీగా ఇంతమంది అని అంకెలతో సరిపెట్టారు. అంకెల ఉద్యోగంలో జీవితం గడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను. మనిషిని అంకెగా రాయడం ఎంత సులువో, ఆ అంకెలోంచి మళ్లీ మనిషిని తీయడం అంత కష్టం.

పుస్తకం చదివిన ఊపులో నేనూ ఆ సంస్థ పట్టికల్లో వెతికాను. ఎవరైనా ఇంటినుంచే వెతకవచ్చు. కొన్ని నమోదుల్లో తండ్రిపేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. కాని మన పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి తోచినట్టు రాశారు. హనుమంతప్పను నాలుగైదు విధాల రాయవచ్చు. పావగడనే పాత ఇంగ్లీషు గెజిటీరులో 'పావుగడ' అని రాశారు. పైగా మన తాలూకా ఉన్నది మైసూరు సంస్థానంలో, చుట్టూ ఉన్నది మద్రాసు రాజధానిలోని అనంతపురం జిల్లా. హిందూపురంలో రైలెక్కినవాడు తన జిల్లా ఏమని చెప్పాడో! ఉద్యోగంలో మేము ఒక మనిషిని ఒప్పుకోవాలంటే పేరు, తండ్రిపేరు, ఊరు మూడూ కలవాలి. ఆ పేరుకు దగ్గరగా ఒకటికి మించి నమోదులు కనిపించాయి. ఒకదానికి తండ్రిపేరు లేదు, ఒకదానికి ఊరు లేదు. ఏదో ఒకదాన్ని మా చిన్నతాత అని పట్టుకోవచ్చు. మనసు లాగింది కూడా. పట్టుకుంటే మరొక ఇంటి హనుమంతప్పను నేను కాజేసినట్టవుతుంది. వదిలేశాను.

ఇక్కడే రఘు కార్నాడ్ పుస్తకానికి రెండవ హద్దు కనిపిస్తుంది. ఆయన వెతుకులాట మూడు ఫొటోలతో మొదలైంది. ఫొటో ఉండాలంటే స్టూడియో ఉండాలి, స్టూడియోకు పోయే అలవాటు ఉండాలి, పోయాక ఫ్రేము కట్టించి పెట్టుకునే గోడ ఉండాలి. ముగ్గురూ ఆఫీసర్లు. ఆఫీసరు పేరు ఎక్కడో ఒకచోట కాగితంలో పడుతుంది. సిపాయి పేరు పడదు. బాబీ కట్టించిన వంతెనకు దూలాలు మోసినవారి ఇళ్లలో కూడా ఇదే ప్రశ్న ఉంటుంది. వాళ్ల మనవడు ఈ పద్ధతిలో పుస్తకం రాయలేడు. ఎముకలనుబట్టి ఆకారం కట్టాలన్నా ఎముకంటూ ఒకటి ఉండాలి కదా. ఈ సంగతి రచయితకు తెలియదని నేననను. సిపాయిలపట్ల ఆయనకు సానుభూతి ఉంది. కాని పుస్తకంలో సిపాయి ఎప్పుడూ ఆఫీసరు కంటికి ఆనినంత దూరంలోనే ఉంటాడు.

తరువాతి యుద్ధాల్లో కాగితం పెరిగింది. హైదరాబాదువాసి మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో పోయారు. మహావీర చక్ర ఇచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందు, జూన్ 19న, తండ్రికి రాసిన ఉత్తరం చాలా పత్రికల్లో వచ్చింది. భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని అందులో అడిగారు, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బుతాయని. ఆ బిడ్డ తండ్రి పోయాక పుట్టింది. పెద్దయ్యాక, చూడని తండ్రి గురించి తానే ఒక పుస్తకం తెచ్చింది. అక్కడ కూతురు ఊహతో నింపవలసిన ఖాళీ తక్కువ. తండ్రి మాట తండ్రి చేతిరాతలోనే ఉంది. దానిపక్కన మా మనియార్డరు పెట్టి చూస్తే, యాభై ఆరవై ఏళ్లలో వచ్చిన తేడా ఎంతో, ఆఫీసరుకూ సిపాయికీ ఉన్న తేడా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

మన తెలుగు సాహిత్యం సంగతి కూడా చూడాలి. నేను చదివినంతలో, రెండవ ప్రపంచయుద్ధం మన కథల్లోకి, నవలల్లోకి ఎక్కువగా ధరల రూపంలో వచ్చింది. రేషను, నల్లబజారు, కిరసనాయిలు కరువు, కంట్రాక్టర్ల బాగుపాటు కనిపిస్తాయి. రైలెక్కి పోయిన సిపాయి అరుదుగా కనిపిస్తాడు. కనిపించినా తిరిగివచ్చి గొప్పలు చెప్పే హాస్యపాత్రగా కనిపిస్తాడు. తిరిగిరానివాడు పాత్రే కాలేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. రెండు ప్రపంచయుద్ధాలకూ మనుషులను పంపి, చివరికి 'మిలిటరీ మాధవరం' అనే పేరు తెచ్చుకున్న ఊరు. అక్కడ పోయినవారికి స్మారకం ఉంది. ఒక ఊరు కలిసి గుర్తుపెట్టుకుంటే ఇంటింటా ఫొటో లేకపోయినా పేరు నిలుస్తుందనడానికి అది ఉదాహరణ. ఒక్కొక్కరుగా పోయిన మన మెట్టప్రాంతపు ఊళ్లకు ఆ బలగం లేదు.

రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో, బర్మా రంగంలో పోయి సమాధి తెలియనివారికోసం స్తంభాలమీద దాదాపు 27,000 పేర్లు చెక్కారు. అందులో ఎక్కువమంది భారతీయులు. నడుమ ఒక వాక్యం అయిదు భాషల్లో ఉంది: ఇంగ్లీషు, బర్మీసు, హిందీ, ఉర్దూ, గురుముఖి. మద్రాసు సైన్యంలో తెలుగువారూ, తమిళులూ తక్కువేమీ కారు. వారి భాషలు ఆ రాతిమీద లేవు. సొంత రాష్ట్రానికి బయట ఉండి తెలుగు చదువుకునే మనకు ఈ సంగతి కొత్తగా వివరించనక్కరలేదు. రాతిమీద పేరుండి కూడా పక్కన తన భాష లేనివాడికి తన మాట తాను రాసుకోవడమే మిగులుతుంది.

ఇంత అభ్యంతరం చెప్పి కూడా ఈ పుస్తకం చదవమనే చెబుతాను. ముఖ్యంగా గన్నీ భాగం. స్వంత తాత చావును పెంచకుండా రాసిన ఆ నిగ్రహం తెలుగులో ఇటువంటి పని తలపెట్టేవారికి పాఠం. ఊహను దస్తావేజుతో కలిపిన భాగాలు కూడా పాఠమే, ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతాయి. ఊహ వద్దని నా ఉద్దేశం కాదు. ఊహ లేకపోతే మా అవ్వకు నలభై ఏళ్లు నిబ్బరం ఉండేది కాదు. పక్కన ఒక గీత ఉంటే చాలు. శానుభోగులవారు ఆ గుండు మాట చెప్పి, కాగితాన్ని మడిచి గూట్లో భద్రంగా పెట్టమని ఒక్క మాట అని ఉంటే అవ్వకు నిబ్బరమూ దక్కేది, మాకు ఆస్పత్రి పేరూ దక్కేది.

పాఠకుల ఇళ్లలో కూడా ఇటువంటి కథలు ఉండి ఉంటాయి. చెప్పేవారు ఇంకా బతికి ఉంటే, రాసుకునేటప్పుడు మూడు వరుసలు గీయండి. మొదటిది కాగితంలో ఉన్నది. రెండవది ఎవరో చెప్పింది, చెప్పినవారి పేరుతో సహా. మూడవది మనం అనుకుంటున్నది. పాత పెన్షను పుస్తకమో, మనియార్డరు రసీదో, సైన్యం పంపిన కాగితమో కనిపిస్తే, ఇప్పుడు అంతా స్పర్శ్‌లోకి, కంప్యూటర్లలోకి మారిపోయింది కదా అని పారేయకండి. దానిమీద ఉన్న నంబరు ఒక్కటే ఒక్కోసారి దారి చూపుతుంది.

మా చిన్నతాతకు నేను అలాగే ఒక పుట రాసిపెట్టాను. మొదటి వరుస ఖాళీగా ఉంది. రెండవ వరుసలో మనియార్డరు ఆగిన సంగతి, అవ్వ చెప్పిన గుండు, శానుభోగుల కుమారుడు చెప్పిన ఆస్పత్రి, మూడూ ఉన్నాయి. మూడవ వరుసలో జ్వరం అని పెన్సిలుతో రాసి ఉంచాను.